పెరట్లో రాతి గోడ: సిమెంటు పెట్టించాలా, వద్దా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి దగ్గర చంద్రగిరి. ఇంటి వెనక పెరడు ఏటవాలుగా ఉంటుంది. 2021 నవంబరు వానలకు పైమట్టి జారి కరివేపాకు చెట్టు వేళ్లు బయటపడ్డాయి. అప్పుడు హడావిడిగా పేర్చిన రాళ్లు ఇప్పుడు మధ్యలో కడుపు ఉబ్బినట్టు ముందుకొచ్చాయి. వాన పడితే సందుల్లోంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి.

ఈసారి 4 అడుగుల ఎత్తు, 30 అడుగుల పొడవున సరిగ్గా కట్టించాలి. మేస్త్రి సందులన్నీ సిమెంటుతో పూసేద్దాం అంటాడు. నా టెన్షన్ అదే. వెనక నీళ్లు నిలిస్తే ఆ ఒత్తిడికే గోడ పడిపోదా? మా నాయన మాత్రం సిమెంటే వద్దు, అడుగున 2 అడుగుల వెడల్పు పెట్టి, గోడను కాస్త మట్టివైపు వాల్చి, వెనక కంకర నింపమంటాడు. చంద్రగిరి కోట గోడలు చూపించి మరీ వాదిస్తాడు, ఆయనతో గెలవలేం.

సిమెంటుతోనే కడితే నీళ్లు పోయే పైపులు ఎంత దూరానికొకటి పెట్టాలి? కంకరలోకి మట్టి చేరి మూసుకుపోకుండా మీరేం వేశారు? పునాది ఎంత లోతు తవ్వించారు? అక్టోబరు వానలు పట్టేలోపు పని అయిపోవాలి. ఇలాంటి గోడ కట్టించినవాళ్లుంటే, అది ఎన్ని వానాకాలాలు నిలబడిందో కూడా చెప్పండి.