కాలేజీ క్లబ్‌లో ఉండాలా, మానేయాలా? కాస్త చెప్పండి

అన్నలూ, అక్కలూ, మాది దేవరకొండ పక్కన పల్లె. నల్లగొండలో డిగ్రీ సెకండియర్. రోజూ బస్సు పాస్ మీద వచ్చిపోతాను. పోయిన ఏడాది సేవా కార్యక్రమాలు చేసే ఎన్ఎస్ఎస్‌లో, దాంతోపాటు కాలేజీ కల్చరల్ క్లబ్‌లో పేరిచ్చాను.

ఎన్ఎస్ఎస్ లెక్క తెలిసిందే: రెండేళ్లలో 240 గంటలు, ఒక 7 రోజుల క్యాంపు. దాంతో నాకు పేచీ లేదు. తలనొప్పంతా రెండోదానితోనే. చేరేటప్పుడు స్టేజీ భయం పోతుంది, పరిచయాలు పెరుగుతాయి అన్నారు. ఏడాదిలో నేను మైకు పట్టుకున్నది ఒక్కసారే, అదీ 'హలో హలో' అని సౌండ్ చూడ్డానికి. మిగతాదంతా కుర్చీలు మోయడం, ఫ్లెక్సీలు కట్టడం. బతుకమ్మ రోజైతే తెల్లారకముందే లేచి మా పొలం గట్ల మీది తంగేడు, గునుగు రెండు సంచుల నిండా కోసుకొచ్చాను. ఫోటోలో సీనియర్లు, వాళ్ల దోస్తులు. నేను పక్కన సంచులు మడుస్తున్నా.

ప్రతి ప్రోగ్రాంకీ తలా వంద, రెండు వందలు. లెక్క అడిగితే "నమ్మకం లేదా తమ్మీ" అంటారు. మీటింగులేమో హాస్టల్ వాళ్లకు వీలుగా సాయంత్రం ఐదు దాటాకే. బస్సు పోతే నా గతి?

మధ్యలో మానేస్తే ఇంటర్నల్ మార్కుల మీద పడుతుందేమోనని టెన్షన్. మా అమ్మేమో "చదువుకోబోయినవా, కుర్చీలెయ్యబోయినవా" అంటుంది.

ఇంటర్వ్యూల్లో క్లబ్ గురించి మిమ్మల్ని నిజంగా ఎవరైనా అడిగారా? సీనియర్లతో మొహం చెడకుండా బయటికొచ్చిన వాళ్లుంటే, ఏమని చెప్పి వచ్చారు?