వైన్ ఫ్రిజ్ లేకుండా సీసాలు ఏళ్ల తరబడి దాచవచ్చా?

నేలమాళిగ:
చీకటి అలమార ఉంటే చాలు, పదేళ్లు దాచేయొచ్చని చాలామంది రాస్తున్నారు. నేను ఒప్పుకోను. 12–13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచలేనప్పుడు పదేళ్ల మాట ఎత్తొద్దు. వేడి పెరిగితే సీసాలో మార్పులన్నీ ఒకే లెక్కన వేగం పుంజుకోవు. వగరు మెత్తబడేలోపే తాజా పండు వాసన పోయి, ఉడికించిన జామ్ వాసన మిగులుతుంది.

అలమార పక్షం:
పదేళ్లకైతే మీ మాటే సరి. ఐదేళ్లకు మాత్రం కాదండీ. వేడి అంకెతో పాటు దాని ఊగిసలాట కూడా చేటే. వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ను పైకి నెడుతుంది, చల్లబడ్డాక కార్క్ పక్కనుంచి గాలిని లోపలికి లాగుతుంది. అలా జరిగిన సీసా చూడగానే తెలుస్తుంది: కార్క్ మూతి అంచు దాటి ఉబ్బి ఉంటుంది, పై తొడుగు కింద జిగురు అంటుతుంది, వైన్ మట్టం మెడ నుంచి భుజం దాకా దిగిపోతుంది. ఏడాదంతా 18 దగ్గర నిలిచే గదిలో మంచి కాబర్నే సావిన్యోన్ (వగరున్న ఎర్ర వైన్) కాస్త త్వరగా ముదురుతుంది, అంతే.

ముందు కొలవండి. గదిలో గాలిని కాదు, నీళ్లు నింపిన పాత వైన్ సీసాలో థర్మామీటర్ ప్రోబ్ దించి గరిష్ఠం, కనిష్ఠం రాసుకోండి. తలుపు తీసినప్పుడల్లా గాలి అంకె ఎగిరి పడుతుంది, సీసాలోది మెల్లగా కదులుతుంది. వేసవిలోనూ చలికాలంలోనూ కొలిచాకే నిర్ణయం. బయటి గోడకు ఆనుకున్న అలమార, పై అరలు వద్దు.

కొత్త చేయి:
మరి వంటింటి ఫ్రిజ్‌లో పెడితే?

నేలమాళిగ:
కొన్ని వారాలకు ఫరవాలేదు. ఏళ్లకు పనికిరాదు. 4 డిగ్రీల దగ్గర వైన్ ముదరడం దాదాపు ఆగిపోతుంది, లోపలి పొడి గాలికి కార్క్ ఎండుతుంది.

వైన్ ఫ్రిజ్ కొనేవాళ్లూ ఒకటి గమనించాలి. కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకం గది వేడి కంటే కొంతవరకే కిందకు దించగలదు. గది 35 దాటితే అది ఆగకుండా తిరిగినా 13 కు రాదు. వేడి గదికి కంప్రెసర్ రకమే తీసుకోండి.

మూతి పక్కకు:
సీసా పడుకోబెట్టాలా వద్దా అన్న గొడవ కూడా తేల్చండి. సీసాలో మిగిలిన గాలి ఎలాగూ తేమగానే ఉంటుంది, నిలబెట్టినా కార్క్ ఎండదని ఒక వాదన ఉంది. అందులో బలం లేకపోలేదు. అయినా కార్క్ సీసాను పడుకోబెడితే పోయేదేమీ లేదు, అందుకే అలాగే పెట్టమంటాను. మరమూత సీసా ఎలా ఉన్నా ఒకటే. తడి గుడ్డ వాసన వస్తే మాత్రం దాచిన తీరును తిట్టకండి, అది ఎక్కువగా కార్క్‌లో ముందే ఉన్న దోషం.

అలమార పక్షం:
అసలు ఏది దాచాలో తెలియకపోతే ఈ శ్రమంతా వృథా. బోజొలే నూవో (కొత్తగా ఉండగానే తాగే ఎర్ర వైన్), మామూలు రోజే (గులాబీ రంగు వైన్) లాంటివి దాస్తే ఉన్న రుచీ పోతుంది. వగరో, పులుపో, తీపో గట్టిగా ఉండి, వాటితోపాటు పండు కూడా నిండుగా ఉన్నవే నిలుస్తాయి: బరోలో (ఇటలీ ఎర్ర వైన్), మంచి రీజ్లింగ్ (పులుపున్న తెల్ల వైన్), సోటర్న్ (తీపి తెల్ల వైన్), వింటేజ్ పోర్ట్ (ఘాటైన తీపి ఎర్ర వైన్).

ఒక్క సీసా దాచకండి. ఒకే రకం ఆరు కొని, మూడో ఏట ఒకటి తెరవండి. నోరు ఇంకా పట్టేస్తుంటే రెండేళ్లు ఆగండి. వగరు తగ్గి పండు మిగిలి ఉంటే తాగడం మొదలుపెట్టండి.

నేలమాళిగ:
ఆరు సీసాల పద్ధతి ఒప్పుకుంటాను. 18 డిగ్రీల గదిలో మాత్రం మొదటిది రెండో ఏటే తెరవాలి, మూడు దాకా ఆగొద్దు. మడ్డి కట్టే ఎర్ర వైన్‌ను తెరిచే ముందు ఒక రోజంతా నిలబెట్టండి. మెడ కింద దీపం పెట్టుకుని మెల్లగా వేరే పాత్రలోకి వంచండి. నల్లటి మడ్డి గీత భుజం దగ్గరికి రాగానే వంపడం ఆపేయండి.