అప్‌డేట్: మా పాప ఇంగ్లీషు 'దట్' గొడవ తేలింది

"హీ సెడ్ దట్ దట్ బస్ గోస్ టు కాజీపేట" అనే వాక్యంలో ఒక 'దట్' కొట్టేయాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కొట్టేయక్కర్లేదట. మొదటిది కంజంక్షన్, మన 'అని' చేసే పనే. రెండోది 'ఆ బస్సు'లోని 'ఆ'.

అసలు చిక్కు రిలేటివ్ ప్రొనౌన్ (ముందున్న పేరుకు దాని వివరాన్ని కలిపే మాట) దగ్గర వచ్చింది. హన్మకొండ బస్టాండులో నిలబడి "ద బస్ దట్ గోస్ టు ములుగు" అన్నాననుకోండి, తెలుగులో అది 'ములుగు వెళ్ళే బస్సు'. 'దట్'కు విడిగా మాటే లేదు, 'వెళ్ళే'లోనే కలిసిపోయింది. అందుకే పాప దాన్ని కూడా 'అని' ఖాతాలో వేసేది. మీలో ఒకరు 'విచ్' పెట్టి చూడమన్నారు, అది భలే పనిచేసింది. ఇక్కడ 'విచ్' కుదురుతుంది, 'సెడ్' తర్వాత కుదరదు. అక్కడైతే 'దట్' తీసేసినా నష్టం లేదు. 'ములుగు వెళ్ళే బస్సు'లో తీస్తే మాత్రం అర్థమే మారి 'బస్సు ములుగు వెళ్తుంది' అయిపోతుంది.

"ఇట్ ఈజ్ నాట్ దట్ ఫార్"లోది అడ్వర్బ్, 'అంత దూరం కాదు'లో 'అంత' లాంటిది. దానికి టెన్షన్ పడలేదు.

పలకడంలోనూ తేడా ఉంది. కంజంక్షన్, రిలేటివ్ అయితే మింగేసినట్టు తేలిగ్గా అంటారు, 'ఆ' అర్థంలో అయితే నొక్కి పలుకుతారు. మా పాప రెండింటినీ ఒకే బరువుతో చదివేది. 'దట్ దట్' చెవికి తప్పులా తోచడానికి అదీ కారణమే. వాళ్ళ గైడులో అన్నింటికీ ప్రొనౌన్ అనే అచ్చేశారు, దాన్ని అటకెక్కించాం.