అమ్మ చీరలతో గుడ్డ పోస్టుకార్డులు: కత్తెర పెట్టడానికి చేయి రావడం లేదు

పెద్దకూతురు (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయి వచ్చే మాఘమాసానికి ఏడాది అవుతుంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒక స్టీలు గిన్నె పెట్టి పంపడం నాకు మనస్కరించడం లేదు. అమ్మకి ఉత్తరాలు రాసే అలవాటు ఉండేది. ఇంట్లో అందరికీ ఫోన్లు వచ్చాక కూడా మా పిన్నులకీ, మేనత్తకీ నెలకో కార్డు రాసేది. చివర్లో చోటు చాలక, కార్డు తిప్పి అంచు చుట్టూ రాసేది. అందుకని అమ్మ చీరల ముక్కలతోనే ఆరంగుళాలకి నాలుగంగుళాల గుడ్డ కార్డులు కుట్టి, 14 మందికి పోస్టులో పంపాలనుకుంటున్నాను.

చీరలు 11 ఉన్నాయి. నాలుగు మంగళగిరి, రెండు వెంకటగిరి, ఒక పెడన కలంకారీ, మిగతావి ఇంట్లో కట్టుకునే మామూలు నూలు చీరలు.

నాకు మిషన్ కుట్టడం వచ్చు, జాకెట్లు నేనే కుట్టుకుంటాను. ఇలాంటి పని మాత్రం ఎప్పుడూ చేయలేదు. ముందు అమ్మ పాత జాకెట్టొకటి విప్పి, మధ్యలో బక్రం (కాలర్లు బిరుసుగా నిలవడానికి లోపల వేసే జిగురు గుడ్డ) పెట్టి రెండు కార్డులు చేసి చూశాను. ఇస్త్రీ చేసినప్పుడు బాగానే అతుక్కుంది గానీ చల్లారాక బుడగలు బుడగలుగా లేచింది. వెనక జెల్ పెన్నుతో రాస్తే సిరా పాకిపోయింది. ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయేమో, అసలు బాధ వేరే. నిన్న మంగళగిరి చీర ఒకటి పరిచి, కత్తెర పట్టుకుని అరగంట కూర్చుని, మళ్ళీ మడిచి బీరువాలో పెట్టేశాను. మీలో ఎవరైనా అయినవాళ్ళ చీర కోశారా? ఎక్కడ మొదలుపెట్టారు? ఒకసారి కోస్తే మళ్ళీ రాదు కదా అని చాలా టెన్షన్‌గా ఉంది.

కాలర్_టైలర్ (తెనాలి):

అక్కా, చీర కోసే సంగతి పెద్దవాళ్ళు చెప్తారు. బుడగల సంగతి నేను చెప్తాను. ముప్ఫై ఏళ్ళుగా కాలర్లు కుడుతున్నాను.

ఇస్త్రీపెట్టెని గుడ్డ మీద లాగకూడదు. ఒక చోట పెట్టి, నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, ఎత్తి పక్కన పెట్టాలి. పైన తడిపి గట్టిగా పిండిన పల్చటి గుడ్డ వేసుకోండి. బక్రానికి ఒక వైపు గరుగ్గా, సన్నటి చుక్కలు మెరుస్తూ ఉంటాయి, జిగురు ఆ వైపే ఉంటుంది. వేడి మీద కదపకుండా లావు పుస్తకం ఏదైనా బరువు పెట్టి చల్లారనివ్వండి. ఇవన్నీ సరిగ్గా చేసినా లేస్తోందంటే గుడ్డలో గంజి ఉన్నట్టు. గంజి ఉన్న గుడ్డకి జిగురు సరిగ్గా పట్టదు.

అంచులకి మీ మిషన్‌లో జిగ్‌జాగ్ లేకపోతే, చీరలకి ఫాల్ కుట్టి పీకో చేసే షాపులో ఇవ్వండి. కుట్టు బాగా దగ్గరగా పెట్టి చుట్టూ రెండుసార్లు తిప్పమనండి. ఒక్కసారి తిప్పి వదిలేస్తే మూలల దగ్గర బక్రం పీచు బయటికి వస్తుంది. సూది 16 నంబరు వేయాలి, సన్న సూది విరుగుతుంది.

బొంతలటీచర్ (గుడివాడ):

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. పందొమ్మిదేళ్ళుగా బొంతలు కుడుతున్నాను, గుడ్డ కార్డులు మొదలుపెట్టి ఆరేళ్ళు. ప్రతి శుక్రవారం విశాఖలో ఉన్న మా చెల్లెలికి ఒక కార్డు పోస్టు చేస్తాను.

నేను కోసిన మొదటి చీర మా అత్తగారిది. నేనూ మీలాగే కూర్చున్నాను. చివరికి కత్తెర పక్కన పెట్టేసి, చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెలుతురులో చూశాను. మీరూ ముందు అదే చేయండి. రోజూ కట్టిన నూలు చీర అన్ని చోట్లా ఒకేలా అరగదు. కూర్చునే చోట పోగులు పలచబడి, వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. కుచ్చిళ్ళ కింది అంచు మడమ తగిలి తగిలి పీచు లేచి ఉంటుంది. తాళాలో చిల్లరో ముడి వేసుకునేవాళ్ళయితే కొంగులో ఒక మూల సాగిపోయి ఉంటుంది. బొడ్లో దోపుకునే లోపలి చెంగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది, చీర అసలు రంగు మిగిలేది అక్కడే. మా అత్తగారి చీర కాఫీపొడి రంగనుకునేదాన్ని. లోపలి చెంగు చూస్తే నిగనిగలాడే వంకాయ రంగు! కొన్న రోజున ఆవిడ ఏం చూసి ముచ్చటపడిందో నాకు అప్పుడు తెలిసింది.

మీరూ ఆ లోపలి చెంగు నుంచే తీసుకోండి. ఎంత కావాలో లెక్క వేసి చూపిస్తాను, సగం భయం పోతుంది. కుట్టులోకి పోయేది కలుపుకుని ఒక్కో కార్డుకి ఆరున్నర అంగుళాలకి నాలుగున్నర కావాలి. చీర పన్నా 45 అంగుళాలనుకుంటే, 11 చీరల్లో ఒక్కోదాని నుంచి రెండంగుళాల పీలిక తీసినా 14 కార్డులకీ సరిపోయి ఇంకా మిగులుతుంది. రెండంగుళాలు పోయిన చీరని మీరు నిక్షేపంగా కట్టుకోవచ్చు.

దీనికి పెద్దగా కత్తెర కూడా అక్కర్లేదు. జరీ అంచు చిరగదు, కాబట్టి ఆ కాస్తా కత్తెరతో దాటండి, తరవాత రెండు చేతులా పట్టుకుని చింపండి. నూలు గుడ్డ అడ్డపోగు వెంట తిన్నగా చిరుగుతుంది. బట్టల కొట్లో తాను నుంచి గుడ్డ చింపి ఇస్తారు చూడండి, అలాగే. అవతలి అంచు దగ్గర మళ్ళీ కత్తెర. చిరిగిన చోట లేచే పీచుని నేను లోపలికి మడవను. పోగులు రెండు మూడు లాగేసి అలాగే ఉంచుతాను, కార్డు మీద సన్నటి గడ్డిలా కనిపిస్తుంది.

కలంకారీ విషయంలో జాగ్రత్త. పెడన మాకు దగ్గరే, అక్కడి అద్దకం పని చాలాసార్లు చూశాను. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చుతో అద్దుతారు. నలుపు కోసం ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి కసిమి చేస్తారు. ఆ ఇనుము వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ గుడ్డ నల్ల గీతల దగ్గరే ముందు చివుకుతుంది. మీ చీర ఆ పాత పద్ధతిలో అద్దినదైతే నల్ల గీత మీద గోటితో మెల్లగా నొక్కి చూడండి. పోగు విడిపోతుంటే వెనక పల్చటి మల్లు గుడ్డ వేసి, రెండూ కలిపి టాకాలు వేశాకే కార్డుకి వాడండి.

మీరు అడగలేదు గానీ ఇంకో సంగతి చెప్పాలనిపించింది. బొంత ఒకటి పూర్తవడానికి నాకు నాలుగైదు నెలలు పడుతుంది. కింద పరిచి, నాలుగు మూలలా సన్నికల్లు పొత్రాలు పెట్టి, చుట్టూ బయటి నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తాను. అంత పెద్ద పనిలో కొత్త రంగు పెట్టాలంటే ధైర్యం చాలదు. కార్డు రెండు సాయంత్రాల పని. అందుకని కొత్తదేదైనా ముందు కార్డు మీదే చూసుకుంటాను. ఒకసారి పండిన గోరింటాకు రంగు పక్కన బూడిద నీలం ముక్క పడింది, ఆ పూట చేతికి అందింది అదే. పోస్టు చేసి వచ్చాక రాత్రంతా ఆ రెండు రంగులే కళ్ళలో తిరిగాయి. పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేసి, కార్డు రాగానే నాకు తిప్పి పంపమన్నాను. పోతూ ఒకటి, వస్తూ ఒకటి, రెండు పోస్టాఫీసు ముద్రలతో తిరిగొచ్చింది. ఇప్పుడు కుడుతున్న బొంతకి నడుమ భాగం మొత్తం ఆ కార్డులోంచి వచ్చిందే.

మనవాళ్ళు ఏదైనా పొందిక లేదనడానికి "అతుకుల బొంత" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. ఏ చీర ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో కనబడేది అతుకు దగ్గరే. మీ కార్డుల్లో కూడా అతుకులు దాచొద్దు.

పోస్టు సంగతి. నా కార్డు తూకం వేయిస్తే 12 గ్రాములు వచ్చింది. 50 పైసల కార్డు రేటు దీనికి కుదరదు. ఉత్తరం కింద 20 గ్రాముల లోపు 5 రూపాయల స్టాంపుతో పంపుతున్నాను. స్టాంపు వెనక ఉండే జిగురు గుడ్డకి ఆనదు, ఫెవికాల్ పూసి అంటించాలి. నేను కవరు లేకుండా పంపుతాను, ముద్ర గుడ్డ మీద పడటం నాకు ఇష్టం. కానీ ఒకసారి పూసలు కుట్టి పంపితే సగం ఊడి చేరింది. మీవి మళ్ళీ చేయలేనివి, కవరులోనే పెట్టండి.

పెద్దకూతురు:

టీచర్ గారూ, తమ్ముడూ, ఎంత ఓపిగ్గా రాశారు! బుడగలకి కారణం గంజే. అమ్మ అన్నం వార్చిన గంజిలో కాస్త నీలిమందు కలిపి పెట్టేది. ఆ జాకెట్టుకే కాదు, మూడు చీరలకి ఇంకా అమ్మ పెట్టిన గంజి అలాగే ఉంది. విప్పితే పెళపెళమంటాయి. జిగురు పట్టాలంటే ఉతకాలి కదా. ఉతికితే ఆ గంజి పోతుంది. అది నా వల్ల కాదండీ.

బొంతలటీచర్:

ఉతకొద్దమ్మా. గంజి గుడ్డకి జిగురు అవసరం లేకుండా చేద్దాం.

మిగతా ఎనిమిది చీరల పీలికలు ఉతికి, అతికి, బక్రం మీద వేసి కార్డు తయారుచేసుకోండి. అది అడుగు పొర. అంచు తిప్పించకముందే, గంజి చీర నుంచి తీసిన చిన్న ముక్కని దాని పైన పెట్టి చేత్తో కుట్టండి. చుట్టూ పావంగుళం గోటితో లోపలికి మడిస్తే చాలు, గంజి ఉన్న గుడ్డకి మడత కాగితానికి నిలిచినట్టు నిలుస్తుంది. పిన్నులు కూడా అక్కర్లేదు. చేతిపనికి అంత సుఖమైన గుడ్డ ఇంకోటి లేదు. మడత అంచులోంచి సూది తీసి, ఒక్క పోగు పట్టుకుని కిందికి దించండి, కుట్టు పైకి కనబడదు. ఆ ముక్క మీద మాత్రం ఇస్త్రీపెట్టె, నీళ్ళు తగలనివ్వకండి. గంజి గుడ్డని పురుగు కొడుతుంది కాబట్టి, మూడు చీరలనీ పొరల మధ్య ఎండు వేపాకు వేసి దాచండి.

వెనక వైపుకి తెల్ల పాప్లిన్ వాడండి, నేత దగ్గరగా ఉంటుంది కాబట్టి సిరా అంతగా పాకదు. జెల్ పెన్ను వద్దు. చెరగని మార్కరు సన్న మొనది తీసుకుని, ముందు విడి ముక్క మీద రాసి, ఆరాక తడిపి చూడండి. పూర్వం చాకలివాళ్ళు గుర్తులు పెట్టే నల్లజీడి రసం ఎన్ని ఉతుకులకైనా పోదు. దాని జోలికి మాత్రం వెళ్ళకండి, చేతులు పొక్కుతాయి.

అట్లాంటా_పిన్ని:

మీరు రాసింది చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మాకు పక్క రాష్ట్రం అలబామాలో, నది వంపు తిరిగే చోట జీస్ బెండ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని అరిగిపోయిన బట్టలతో తరతరాలుగా బొంతలు కుడుతున్నారు. 2002లో ఆ బొంతలని న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో గోడలకి వేలాడదీసి చూపించారు. వాళ్ళలో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త పోయాక, 1942లో, ఆయన పని బట్టలన్నీ కోసి ఒక బొంత కుట్టుకుంది, కప్పుకోవడానికి. ఆ బట్టల వెలిసిన నీలం ఆ బొంతలో అలాగే కనిపిస్తుంది. మీరు చేస్తున్నది కొత్త పనేం కాదు, భయపడకండి.

2006లో ఇక్కడి తపాలా శాఖ ఆ ఊరి బొంతల బొమ్మలతో పది స్టాంపులు వేసింది, 39 సెంట్లవి. పాత స్టాంపులు అమ్మేవాళ్ళ దగ్గర ఒక షీటు కొని దాచుకున్నాను. మా అమ్మకి పంపే గుడ్డ కార్డు కవరు మీద, ఉండాల్సిన స్టాంపులతో పాటు అందులోంచి ఒకటి అంటిస్తాను.

మీ 14 మందిలో ఎవరైనా ఇక్కడుంటే టీచర్ గారు చెప్పినట్టు కవరులోనే పంపండి.  విడిగా వేస్తే బిరుసుగా ఉన్నవి ఇక్కడి యంత్రాల్లో నలిగిపోవచ్చు.

పెద్దకూతురు:

వారం రోజుల తరవాత రాస్తున్నాను. చింపాను. ముందు ఇంట్లో కట్టుకునే ఆకుపచ్చ చీర తీసుకుని, టీచర్ గారు చెప్పినట్టు కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. కొంగు మూల నిజంగానే సాగి ఉంది, బీరువా తాళాలు అక్కడే కట్టుకునేది. దాన్ని ముట్టుకోలేదు. లోపలి చెంగు దగ్గర రెండంగుళాలు కొలిచి, గాటు పెట్టి లాగాను. ఆ చప్పుడుకి మా అమ్మాయి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఏం చేస్తున్నానో చెప్తే రెండో చీర తను పట్టుకుంది, ఇద్దరం చెరో వైపూ పట్టుకుని చింపాం.

ఇప్పటికి ఐదు కార్డులు అడుగు పొర వరకూ అయ్యాయి. గంజి ముక్కలు రెండింటి మీద కుట్టాను. మడత అచ్చం మీరన్నట్టే నిలిచింది. రేపు పీకో షాపుకి వెళ్తున్నాను, మెరూన్ దారం రెండు వరసలు అని చెప్తాను.

ఒక్క సందేహం. వెంకటగిరి చీరకి కొంగు దగ్గర జరీ పోగులు తెగి పైకి లేస్తున్నాయి. చెయ్యి పెడితే గీసుకుంటున్నాయి. వాటిని కత్తిరించాలా, కుట్టులో పట్టెయ్యాలా? ఎవరైనా చెప్తే ఆ రెండు చీరలూ ఆదివారం తీస్తాను.