నాయన పోయిన ఏడాది ఇంటికి క్రిస్మస్ స్టార్ కట్టకపోతే విశ్వాసం లేనట్టా?

చిత్తూరు అమ్మాయి:
అందరికీ వందనాలు. అక్టోబరులో మా నాయన ప్రభువునందు నిద్రించారు. అంతకుముందు ఆర్నెల్లు వేలూరు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. ఏటా డిసెంబరు 1కే మిద్దె మీద వెదురు కర్రకు స్టార్ కట్టేది ఆయనే. ఈసారి కట్టలేదు. మొన్న రాత్రి ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్‌కు వచ్చిన సంఘం వాళ్లు వాకిట్లో చీకటి చూసి, "లోకస్థుల్లా దుఃఖపడకూడదమ్మా, ఎప్పుడూ సంతోషించాలి" అన్నారు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మాది తప్పా? క్రీస్తులో శాశ్వతమైన సంతోషం ఉందంటారే, అది మాకెందుకు రాలేదు?

పలమనేరు విశ్వాసి:
సిస్టర్, నొచ్చుకోకండి. వాళ్లు చెప్పింది వాక్యమే. బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ఉంది. ఆయన ఆ మాట బంధకాల్లో, అంటే చెరలో ఉండి రాశాడు. పరిస్థితిని బట్టి మారేది లోకం ఇచ్చే ఆనందం. స్టార్ కట్టండి.

తిరుపతి వాసి:
నేను క్రైస్తవుణ్ణి కాను. మాలో పెద్దవాళ్లు పోతే ఏడాది తిరిగేదాకా పండుగ చేయం, ఏటిసూతకం అంటాం. నీకు భక్తి తగ్గిందా అని ఎవరూ అడగరు. ఇప్పుడు ధనుర్మాసం, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే రోజులు. మా అమ్మ పోయిన ఏడు ఆ పాశురాలు చెవిన పడితే చాలు, ఏడుపొచ్చేది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. నలుగురు చుట్టూ చేరితే మనసు తేలికపడుతుంది, దానికి ఏ మతమూ అక్కర్లేదు. పండుగ అయ్యాక టెన్షన్లు ఎక్కడివక్కడే.

మదనపల్లె టీచర్:
పలమనేరు బ్రదర్, ఆ పత్రిక మొత్తం నాలుగు అధ్యాయాలే, ఒక్కసారి కూర్చుంటే చదివేయొచ్చు. 2వ అధ్యాయంలో పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బతికాడు. అతను పోయుంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని పౌలే ఒప్పుకున్నాడు. 3వ అధ్యాయంలో "ఏడ్చుచు చెప్పుచున్నాను" అంటాడు. ఆనందించండి అన్నది ఆ ఏడ్చిన మనిషే. ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నానని కూడా అన్నాడు. నేర్చుకోవడానికి రోజులు పడతాయి కదా, రెండు నెలలకే ఈ పిల్లకు పరీక్ష పెట్టి ఫెయిల్ చేస్తారా? దుఃఖపడొద్దన్న మాట థెస్సలొనీకయుల పత్రికలో ఉంది, కానీ "నిరీక్షణ లేని ఇతరులవలె" దుఃఖపడొద్దని. "ఏడ్చు వారితో ఏడువుడి" అన్నదీ ఆజ్ఞే, రోమా 12లో. మా సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) మందిరంలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, కనిపెట్టే కాలం. చీకట్లో కూర్చుని కనిపెట్టేవాళ్లకు అందులో చోటుంది.

తిరుపతి అన్నా, మీ మాట కాదనను. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. మొదటి క్రిస్మస్‌కు సంఘంలో ఒక పెద్దావిడ మా ఇంటికొచ్చింది. వాక్యం చెప్పలేదు. నాకెదురుగా చాప మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజలు ఒక్కొక్కటే పితుకుతూ సాయంత్రం దాకా ఉంది. తొక్కలు వేళ్లకు అంటుకుంటుంటే కొంగుకు తుడుచుకునేది. ఆ పితికిపప్పు కూరతోనే చాలా రోజులకు కడుపారా తిన్నాను. కానీ రాత్రి మూడింటికి మెలకువ వస్తే పక్కన ఎవరుంటారన్నా? ఆ వేళ నేను మాట్లాడింది ప్రభువుతోనే, నిష్ఠూరాలాడిందీ ఆయనతోనే. ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఉన్నాననిపించలేదు. నేను సంతోషం అనేది దాన్ని. ఏడుపు ఇప్పటికీ వస్తుంది. ఇదీ పోలేదు.

తిరుపతి వాసి:
టీచరమ్మా, రాత్రి మూడింటి సంగతికి నా దగ్గర జవాబు లేదు. నాకైతే కాలమే మాన్పింది.

పలమనేరు విశ్వాసి:
2వ అధ్యాయం మళ్లీ చదివాను. తొందరపడి స్టార్ కట్టమన్నాను, క్షమించండి సిస్టర్. ఆనందించడం ఆజ్ఞ కాదంటే మాత్రం ఒప్పుకోను.

చిత్తూరు అమ్మాయి:
ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఈ ఏడు స్టార్ కట్టం. 25న ఆరాధనకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాం. "ఆ వెదురు కర్ర తీసేయొద్దు, అట్లే ఉండనీ" అంది అమ్మ. పొద్దున మార్కెట్లో రెండు కేజీల అనపకాయలు తెచ్చాను. ఇద్దరం కూర్చుని ఒలుస్తున్నాం.