బండి లేదు, బస్సే దిక్కు: రాజమండ్రి నుంచి ఒక పూట నడకకి దారులు చెప్పండి

గట్టుమీది_కొత్తపిల్ల

బదిలీ మీద రాజమండ్రి వచ్చాను. హైదరాబాదులో ఉన్నప్పుడు ఆదివారాలు నలుగురం కలిసి వికారాబాద్ బస్సెక్కి అనంతగిరి అడవిలో నడిచేవాళ్లం. ఇక్కడ ఎవర్ని అడిగినా పాపికొండలు, మారేడుమిల్లి అని చెప్పి, వెంటనే "కారు మాట్లాడుకోండి" అంటున్నారు. నాకు బండి లేదు, కొనే ఉద్దేశమూ లేదు.

పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కాలి, ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్లు నడవాలి, చీకటి పడకుండా బస్సులోనే ఇంటికి రావాలి. అంతే. ఒక్కోసారి అమ్మ కూడా వస్తానంటుంది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆడవాళ్లకి స్త్రీ శక్తి కింద ఆధార్ చూపించి ఉచితంగా ఎక్కే బస్సులైతే ఇంకా మంచిది, డబ్బులు మిగిలితే పూతరేకులకి పనికొస్తాయి.

లంకబాబు

గోదావరి జిల్లాలో ట్రెక్కింగా అండీ! మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైనది వాటర్ ట్యాంకు. దాని మెట్లెక్కినా కనపడేది మళ్లీ వరిచేలే. సరదాకి అన్నాను, ఏమనుకోకండి. కాలవగట్లు ఉన్నాయి గానీ, వాటి సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

పాత_కండక్టర్

అమ్మా, నేను పల్లెవెలుగులో టికెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం కోనసీమ రూట్లే. కొండల కోసం వెతక్కండి. మా వైపు నడకంటే గట్టే. అందులో రెండు రకాలు. ఏటిగట్టు గోదావరి ఊళ్ల మీద పడకుండా వేసింది. దాని మీద నిలబడితే ఒక పక్క లంకలు (ఏటి మధ్య దీవులు), రెండో పక్క ఊరి ఇళ్ల కప్పులు కాళ్ల కిందకి కనపడతాయి. 1986 ఆగస్టు వరదకి గండ్లు పడ్డాక వీటిని ఎత్తు పెంచారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ నీడ ఉండదు, తొమ్మిది దాటితే మాడు పగిలిపోతుంది. కాలవగట్టు అలా కాదు. కొబ్బరిచెట్ల కింద నుంచి పోతుంది, కాకపోతే చాలాచోట్ల గట్టే రోడ్డు కాబట్టి బళ్లు హారన్ కొడుతూనే ఉంటాయి.

దారి కన్నా ముందు తిరుగు బస్సు చూసుకోవాలి. కొత్తవాళ్లు బస్సులు బాగా ఉన్నచోట దిగి, లోపలికి నడుచుకుంటూ పోతారు. కాళ్లు పీకే వేళకి ఏ బస్సూ రాని చోట కూర్చుంటారు. అలాంటివాళ్లని సాయంత్రం ఆఖరి ట్రిప్పులో ఎంతమందిని ఎక్కించుకున్నానో. మీరు దాన్ని తిరగెయ్యండి. అరుదుగా తిరిగే బస్సుని పొద్దున్నే పట్టుకుని మారుమూల దిగండి. అక్కణ్ణుంచి బస్సులు బోలెడున్న రోడ్డు వైపు నడవండి. అప్పుడు గంట ఆలస్యమైనా కంగారుండదు, ఒకటి పోతే వెనకాల ఇంకోటి వస్తుంది.

ఉదాహరణకి రావులపాలెం తీసుకోండి. రాజమండ్రి కాంప్లెక్స్ (బస్టాండు) నుంచి అటు వెళ్లేవి చాలావరకు హైవే మీద జొన్నాడ వంతెన దాటి పోతాయి. ధవళేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా వెళ్లేవి తక్కువ. ఆ తక్కువవాటిలో ఒకటి ఎక్కండి, కుడిపక్క కిటికీ దగ్గర కూర్చోండి. బ్యారేజీ మీదకి వచ్చేసరికి మీ వైపు నిండు గోదావరి, అవతలివైపు ఇసుక తిన్నెలు. గౌతమి, వసిష్ఠ విడిపోయేది ఇక్కడే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, మీ బస్సు పోయేది దాని బదులు తర్వాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మొత్తం 175 గేట్లు.

బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలవుతుంది. అక్కడ దిగాలనిపిస్తుంది, దిగొద్దు. అక్కణ్ణుంచి రావులపాలెం దాకా అంటే మీరు చెప్పిన లెక్క దాటిపోతుంది. ఆత్రేయపురంలో దిగి టిఫిను చేసి, పూతరేకులు కొనుక్కుని (ఇక్కడివాటికి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, అయినా ఇంటి అరుగు మీద చేసేవాళ్ల దగ్గరే కొనండి, షోకేసులో పెట్టినవి మెత్తబడతాయి) కాలవ వెంబడి కిందకి నడవండి. లొల్ల లాకులు వస్తాయి. పెద్ద కాలవ అక్కడ పాయలుగా చీలుతుంది. తలుపులు ఎత్తినప్పుడు నీళ్ల హోరుకి పక్కవాళ్ల మాట వినపడదు. సినిమావాళ్లకి ఇష్టమైన చోటు కూడా. మీ అమ్మగారు అక్కడిదాకా నడిచి, తర్వాత ఆటోలో ర్యాలి గుడికి వెళ్లొచ్చు. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు విష్ణువు, వెనక మోహిని, రెండూ ఒకే రాయి. మీరు గట్టు పట్టుకుని రావులపాలెం చేరుకోండి. అక్కడ రాజమండ్రి బస్సు కోసం ఎదురుచూడ్డమే ఉండదు, హైవే మీద ఏదో ఒకటి ఆగుతుంది. కాకపోతే మీరు ఆధార్ చూపించి ఎక్కాలంటే పల్లెవెలుగో, ఎక్స్‌ప్రెస్సో అయి ఉండాలి. సూపర్ లగ్జరీ వాడికి టికెట్ డబ్బులు ఇవ్వాల్సిందే.

ఇదంతా నవంబరు నుంచి ఫిబ్రవరి మాట. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు తప్ప ఏం చూస్తారు?

చొల్లంగి_వాసి

కండక్టర్ గారు చెప్పింది నూటికి నూరు. కాకపోతే కాకినాడ వైపు ఒకటి వదిలేశారు. కాకినాడ నుంచి యానాం బస్సెక్కి కోరంగిలో దిగండి. మడ అడవిలోకి చెక్కల వంతెన వేశారు. పది కిలోమీటర్ల నడక కాదు గానీ, మీ అమ్మగారి మోకాళ్లకి ఇదే సరైనది, ఎత్తుపల్లాలే ఉండవు. కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. అందులో మనం చూసేది గోరంత.

వెళ్లేముందు పోటు, పాటు చూసుకోండి. పోటు మీద వెళ్తే వంతెన కింద నీళ్లే. పాటు మీద వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల వేర్లు, వాటి మధ్య పరిగెత్తే పీతలు, నేల మీద గెంతే చేపలు కనపడతాయి. అడవిలో నీటిపిల్లి ఉందంటారు, ఉంది కూడా. కానీ పగటిపూట మీకు కనపడుతుందని ఆశ పెట్టుకోకండి, అది రాత్రి వేటాడే జంతువు. పుష్య మాసంలో చొల్లంగి అమావాస్య నాడు మాత్రం రావద్దు, సముద్రస్నానాల జనంతో బస్సులో నిలబడ్డానికి కూడా చోటుండదు.

మెట్లెక్కేవాడు

ఎత్తు లేకపోతే నడకే కాదనుకునేవాళ్ల కోసం ఒక ముక్క. గోకవరం బస్సెక్కితే దారిలో కోరుకొండ వస్తుంది, లక్ష్మీనరసింహస్వామి కొండ. మెట్లు నిలువుగా ఉంటాయి, పిక్కలు పట్టేస్తాయి. పెద్దాపురంలో పాండవుల మెట్ట కూడా ఉంది, గుహలతో సహా. రెండూ డెల్టా అంచున ఉన్నవే. పైనుంచి చూస్తేనే కిందనున్నది ఎంత చదునో తెలిసేది.

గట్టుమీది_కొత్తపిల్ల

అందరికీ థ్యాంక్స్. కండక్టర్ బాబాయ్ గారూ, మీ తిరగేసే లెక్క బాగా నచ్చింది. ఇంకో మూడు అడగనా? ఒక్కదాన్నే గట్టు మీద నడిస్తే ఏమైనా ఇబ్బందా? వానాకాలంలో అసలు కుదరదా? అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే చోట నడవొచ్చని విన్నాను, అది బస్సులో అయ్యే పనేనా?

పాత_కండక్టర్

మనుషుల వల్ల ఇబ్బంది ఉండదమ్మా. పది అడుగులకో ఇల్లు, ఇల్లు దాటేసరికి "ఎవరింటికండీ?" అని అడుగుతారు. సమాధానం చెప్పండి, చెబితే కొబ్బరిబోండాం కూడా కొట్టిస్తారు. ఇబ్బందల్లా కుక్కలతో. గట్టు తమదే అనుకుంటాయి. చేతిలో కర్ర ఉంచుకోండి, కొట్టడానికి కాదు, చూపించడానికి. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఆగి ఫోన్ చూసుకోకండి. నడిచినంతసేపూ ఏమీ కాదు, నిలబడ్డప్పుడే భయం.

వానాకాలం కాలవగట్టుకి పర్వాలేదు, గడ్డిలో పాములుంటాయి కాబట్టి రోడ్డు మధ్యనే నడవండి. ఏటిగట్టు, లంకలు మాత్రం జూలై, ఆగస్టుల్లో మానెయ్యండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఇచ్చారని టీవీలో వస్తే ఆ వారం ఇంట్లో కూర్చోండి. లంకల్లోకి పోయే కాజ్‌వేలు ముందు మునుగుతాయి, మా బస్సులు ముందు అక్కడే ఆపేసేవాళ్లం.

అంతర్వేది బస్సులో అవుతుంది గానీ తెల్లవారుజామున బయలుదేరాలి. నరసాపురం దాకా బస్సో రైలో, అక్కణ్ణుంచి మాధవాయిపాలెం రేవులో పంటు (బళ్లని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి వసిష్ఠ దాటితే సఖినేటిపల్లి, అక్కడ మళ్లీ అంతర్వేది బస్సు. పంటు మీద మోటారు సైకిళ్లు, గేదెలు, పెళ్లివాళ్లు అందరూ మీతోపాటే. గుడి నుంచి లైట్‌హౌస్, అక్కణ్ణుంచి నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా ఇసుకలో నడక. ఇక్కడ నా తిరగేసే లెక్క పనిచెయ్యదు, ఎందుకంటే అవతల సముద్రమే గానీ బస్సులున్న రోడ్డు లేదు. అందుకని దిగేటప్పుడే కండక్టర్ని ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి. టైమ్ టేబుల్ బోర్డు చూసి నమ్మకండి, ఆయన చెప్పిందే నిజం. భీష్మ ఏకాదశి ముందురోజు రాత్రి కల్యాణం, ఏకాదశి నాడు రథం. నడక కోసమైతే ఆ వారం అటు పోకండి.

మొదటి ఆదివారానికి ఆత్రేయపురమే పెట్టుకోండి. బస్సెక్కేముందు ముందు అద్దం మీద బోర్డు చదవండి. "రావులపాలెం" అని ఒక్కటే ఉంటే ఎక్కొద్దు, కింద చిన్నక్షరాల్లో "వయా బొబ్బర్లంక" ఉండాలి. కనపడకపోతే డ్రైవర్ని అడగండి, ఆయ్, విసుక్కున్నా చెబుతాడు.