16 ఏళ్ళ పిల్లికి కిడ్నీలు పాడయ్యాయి: ఇంజక్షన్ ఇప్పించాలా, ఆగాలా?

ప్రశ్న (కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా)

మా చిట్టికి 16 ఏళ్ళు. మా అమ్మాయి రెండో తరగతి చదివే రోజుల్లో కొబ్బరితోటలో దొరికిన పిల్లికూన అది. 2018లో తిత్లీ తుపానుకు ఆ తోటంతా కూలిన రాత్రి మా అత్తగారి మంచం కింద నుంచి కదలలేదు. నీళ్ళు అతిగా తాగుతూ బరువు తగ్గిపోతూ ఉంటే రక్తపరీక్ష చేయించాము. కిడ్నీలు వడగట్టాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో 6 దాటిందని, రెండు కిడ్నీలూ దాదాపు పనిచేయడం లేదని చెప్పారు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పించారు గనుక ఇంట్లోనే ఎక్కిస్తున్నాము. మొదట్లో దానితో కొంత తేరుకునేది, ఇప్పుడు అదీ లేదు. నీళ్ళ గిన్నె మీద తల వాల్చి కూర్చుంటుందే తప్ప తాగదు. నెత్తళ్ళు వేయిస్తున్న వాసనకు వంటింటి గడప దాకా వచ్చి, అక్కడే ఆగి, మూతి నాక్కుని వెనక్కి వెళ్ళిపోతుంది. వీపు మీద వెంట్రుకలు ఉండలు కట్టాయి, నోటి నుంచి ఘాటైన వాసన వస్తోంది.

బాధ లేకుండా ఇంజక్షన్ ఇచ్చి సాగనంపే విషయం ఆలోచించుకోమని డాక్టరు గారు అన్నారు. పిల్లిని చంపిన పాపం బంగారు పిల్లిని దానం చేసినా పోదని మా అత్తగారు పట్టుబడుతున్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి కావడంతో డయాలసిస్ సంగతి ఆవిడకు బాగా తెలుసు. మనుషులకు చేయిస్తున్నప్పుడు దీనికెందుకు చేయించరని అడుగుతున్నారు. మా ఊరి నీళ్ళే దీనికీ కారణమేమోనన్న అనుమానం నాకూ ఉంది. దేన్ని చూసి నిర్ణయించుకోవాలో, ఆవిడకు ఎలా చెప్పాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (పదవీ విరమణ చేసిన పశువైద్యుడు, బొబ్బిలి)

అమ్మా, ముందుగా నీళ్ళ సంగతి. ముసలి పిల్లుల్లో కిడ్నీలు క్షీణించడం ప్రపంచమంతటా కనిపించేదే. ఉద్దానంలో మనుషులకు వస్తున్న జబ్బుకే కారణం ఇంకా ఇదమిత్థంగా తేలలేదు కాబట్టి, చిట్టి జబ్బును మీ బావికి ముడిపెట్టి బాధపడవద్దు. క్రియాటినిన్ 5 దాటితే నాలుగో దశ, అంటే చివరి దశగా లెక్కిస్తాము. విదేశాల్లో కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో పిల్లులకు డయాలసిస్ చేసే మాట నిజమే గానీ, విషం తినడం వల్లనో మూత్రం బంధించడం వల్లనో హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కోలుకునేదాకా ప్రాణం నిలబెట్టడానికే ప్రధానంగా చేస్తారు. మెల్లమెల్లగా చెడిపోయిన కిడ్నీలు తిరిగి కోలుకోవు.

గడప దగ్గర ఆగి మూతి నాక్కోవడం చాలావరకు వికారానికి గుర్తు. రక్తంలో వ్యర్థాలు పేరుకుపోతే కడుపులో తిప్పుతుంది, నోట్లో పుళ్ళు పడతాయి, ఆ వాసన అందుకే. వికారం తగ్గించే మందు ఇప్పటిదాకా ఇవ్వకపోతే అడిగి ఇప్పించండి. దానితో తినడం మొదలుపెడితే కొంత వ్యవధి దొరికినట్టే, తినకపోతే జవాబు తెలిసిపోయినట్టే. పిల్లి నొప్పిని అరిచి చెప్పదు, ముడుచుకుని కూర్చుంటుంది, ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది. గుర్రుగుర్రుమంటోంది కదా, సుఖంగానే ఉందనుకోవడానికి లేదు, బాధలోనూ ఆ శబ్దం చేస్తుంది. జాలిపడి మనుషుల పారాసిటమాల్ మాత్రం వేయవద్దు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలదు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు.

అలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీటి శాతం, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది, ఈ ఏడింటికీ పదేసి మార్కులు వేసి, మొత్తం 35 దాటితే ఇంకా కొనసాగించవచ్చని చెబుతారు. నా మటుకు నాకు మార్కులకంటే ఆ ఏడో ప్రశ్న మీదనే గురి. పాల లెక్క రాసుకునే క్యాలెండరులోనే ప్రతి రాత్రీ ఆ రోజు మంచిదో చెడ్డదో గుర్తు పెట్టండి. ఆ గుర్తు మీ అత్తగారి చేతనే పెట్టించండి.

జవాబు (గృహిణి, విజయనగరం)

మా అత్తగారూ ఈ బంగారు పిల్లి మాటే అన్నారు. మేము వాదించకుండా డాక్టరు గారిని ఇంటికి పిలిపించి, ఆవిడ సందేహాలు ఆవిడనే అడగనిచ్చాము. తిండీ నీళ్ళూ లేకుండా అదంతట అది పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఆవిడ అడిగారు. రోజుల తరబడి పట్టవచ్చని, ఆఖరున మూర్ఛలు కూడా రావచ్చని ఆయన చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తరువాత, అయితే శనివారం వద్దు, ఆదివారం రమ్మనండి అన్నారు. పాపభయం ఉన్నవారిని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఆ బాధ వారికి ఒక్కరికే మిగిలిపోతుందని నా అభిప్రాయం.

జరిగేది ముందే తెలిసి ఉండడం అవసరం. మొదట మత్తు ఇస్తారు, గాఢంగా నిద్రపోయాక నరంలోకి రెండో మందు ఎక్కిస్తారు. కళ్ళు మూతపడవు. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు ఒళ్ళు కదలవచ్చు, మూత్రం పోవచ్చు. తెలియనివారు ఇంకా బతికే ఉందని గాభరా పడతారు. పాత తువాలు పరిచి ఉంచండి. తులసి తీర్థం పోయాలని పెద్దావిడకు ఉంటే, మత్తు ఇచ్చే ముందు వేలితో పెదవులు తడిపితే చాలు, నోట్లో పోస్తే పొలమారుతుంది. మీ అమ్మాయి దూరాన చదువుకుంటూ ఉంటే ముందుగానే కబురు చేయండి. అంతా అయ్యాక చెబితే పిల్లలు చాలాకాలం మరచిపోరు.

ప్రశ్న అడిగినవారు

వికారానికి మందు ఇవ్వనే లేదు, రేపే అడుగుతాను. క్యాలెండరు అత్తగారికి ఇచ్చాను. నిన్నటి రోజుకు ఆవిడే చెడ్డ గుర్తు పెట్టారు. తోటలోనే పూడ్చాలని ఆవిడ కోరిక, అందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు (పదవీ విరమణ చేసిన పశువైద్యుడు, బొబ్బిలి)

ఇబ్బంది లేదమ్మా. ఆ మందు కళేబరంలో చాలాకాలం ఉండిపోతుంది కనుక, కుక్కలో నక్కలో తవ్వి తింటే వాటి ప్రాణానికీ ముప్పు. గుంత మూడడుగులకు తగ్గకుండా, బావికి బాగా దూరంగా, వాన నీరు నిలవని చోట తీయించండి. ప్లాస్టిక్ సంచి వద్దు, నూలుబట్టలో చుట్టి పెట్టి, మట్టి పూడ్చాక పైన బరువైన రాళ్ళు పేర్పించండి. కూలివారిని ముందురోజే మాట్లాడుకోండి, డాక్టరు గారిని ఉదయం పూట రమ్మనండి.